పరమేశ్వర్ సేటూ, గ్లాసుడు మంచినీళ్లూ

ఇంటికి వచ్చినవాళ్లకు ముందుగా మంచినీళ్లు ఇస్తాం. లోకంలో అందరూ ఆ నీళ్లు తాగుతారు. చేవెళ్లలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే పరమేశ్వర్ సేటు మాత్రం వాటిని కింద పోస్తాడు. కోపంతో కాదు, పొగరుతో అసలే కాదు. గ్లాసు అందుకుని, "సల్లగుండు బిడ్డా" అని దీవించి, గది మధ్యకు నడిచి, బండల మీద నీళ్లు జాగ్రత్తగా ఒంపుతాడు. పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని అవి ఎటు పారుతున్నాయో చూస్తాడు. నీళ్లు ఏ మూలకు పరుగెత్తితే ఆ మూల పునాది కుంగినట్టు లెక్క. "కూసున్నది" అని తీర్పు చెప్పి, ఖాళీ గ్లాసు ఇంటావిడ చేతికి తిరిగి ఇచ్చేస్తాడు. ఇచ్చేముందు దాన్ని వేలితో మీటి, తన దుకాణంలో కొన్నదా కాదా అని కూడా తేల్చుకుంటాడు.

ఈ జబ్బు ఊరికే పట్టుకోలేదు. పెళ్లయిన కొత్తలో సేటు నల్లరేగడి నేల మీద ముచ్చటపడి ఇల్లు కట్టుకున్నాడు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ఎండి నెర్రెలిస్తుంది. అటువంటి నేలలో పునాది బాగా లోతుకు తీయాలి. సేటు తీయలేదు. మొదటి వానాకాలానికే ఇల్లు ఒక పక్కకు ఒరిగి నడిమి గది తలుపు బిగుసుకుపోయింది. లోపల కొత్త పెళ్లికూతురు అన్నపూర్ణ. బయట ఆమె కాపురం ఎలా ఉందో చూసిపోదామని వచ్చిన పుట్టింటివాళ్లు. సేటు తలుపును తోశాడు, తన్నాడు, చివరికి బతిమాలాడు. ఏం లాభం లేకపోయింది. కిటికీ ఊచలు కోయించి, ఆవిడను పట్టుచీరతో సహా అందులోంచి బయటికి లాగారు.

"ఇప్పటికీ ఆయన మీద కోపమొస్తె నేనేమన" అంటుంది అన్నపూర్ణ. "ఆ కిటికీ దిక్కు చూస్త. గంతే. ఆయనే సప్పుడుజేయకుండ పోయి కూరగాయలు తెస్తడు."

ఆ ఇంటిని బాగుచేయించుకోవడంలో సేటు తాపీ మేస్త్రీల వెనక తిరిగీ తిరిగీ పునాదుల పిచ్చివాడయ్యాడు. అప్పటినుంచీ ఎవరింటికి వెళ్లినా ఆయనకు మనుషుల కన్నా ముందు మూలలు కనిపించేవి.

అల్లుడు శశిధర్‌కు ఆయనతో మొదటి పరిచయం తాండూరులో, తమ సొంత ఇంట్లోనే జరిగింది. పిల్లనిచ్చేవాళ్లు వరుడి ఇల్లు చూడటానికి వచ్చారు. శశిధర్ తల్లి కొత్త చీర కట్టుకుని, వెండి గ్లాసులో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కాబోయే మామగారు ఆ నీళ్లను హాలు మధ్యలో పోసి వాటి ముందు కూర్చున్నాడు. ఇచ్చిన నీళ్లు పారబోశాడంటే సంబంధం తప్పిపోయినట్టేనని శశిధర్ తండ్రి ముఖం నల్లబడింది. సేటు తలెత్తి నవ్వాడు.

"సంబంధం మాకు ఇష్టమే బావగారూ. పిలగాడు బంగారం. కని మీ వంటింటి మూల కూసున్నది. జర చూయించుకోండ్రి."

షాబాద్‌లో ఫంక్షన్ హాలులో పెళ్లయింది. వరుడి కాళ్లు కడుగుతూ కడుగుతూ సేటు హఠాత్తుగా ఆగిపోయాడు. పళ్లెంలోంచి చిందిన నీళ్లు మండపం చివరికి పాకుతున్నాయి. పంతులుగారు మంత్రం మళ్లీ మొదలుపెట్టి, అయినా లాభం లేక గొంతు తగ్గించి అన్నాడు.

"సేటూ, ఇంకో కాలు ఉన్నది."

"ఉంటది పంతులుగారూ, కాలెక్కడికి పోతది? మండపమే దక్షిణం దిక్కుకు పోతున్నది."

శశిధర్ గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే అతని ఉద్యోగం. పొద్దంతా తప్పులు పట్టి ఇంటికొచ్చేవాడికి, తనకన్నా గట్టిగా తప్పులు పట్టే మామగారు దొరకడం మింగుడుపడలేదు. "కనీసం నేను జీతం తీసుకుని చేస్త" అని భార్య సాయిశ్రీ దగ్గర గొణుగుతుండేవాడు.

సాయిశ్రీదీ సాఫ్ట్‌వేరే. ఇద్దరూ కొండాపూర్‌లో కిరాయికి ఉండేవారు. రోడ్డు మీద కొత్త కంపెనీ బోర్డు పడ్డప్పుడల్లా ఇంటి ఓనరు కిరాయి పెంచేవాడు. గోడకు మేకు కొట్టనిచ్చేవాడు కాదు. పెళ్లి ఫోటో ఏడాదిగా ఫ్రిజ్ మీద గోడకు ఆనుకుని ఉంది. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా కొత్త దంపతులు బోర్లా పడేవారు.

"నాకు పెద్ద బంగళా వద్దు" అంది సాయిశ్రీ ఒకరోజు, ఫోటో అద్దం పగిలాక. "ఇది నా గోడ అని మేకు కొట్టుకునే గోడ ఒకటి కావాలె."

అవి కొత్త విమానాశ్రయం, ఔటర్ రింగు రోడ్డు అని జనం నిద్రలో కూడా కలవరించే రోజులు. మొయినాబాద్ వైపు పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. అటు ఆఫీసుకూ ఇటు చేవెళ్లకూ మధ్యలో ఉంటుంది గనక, మొయినాబాద్‌లో పాత ఇల్లు ఒకటి కొని బాగుచేసుకుందామని మొగుడూపెళ్లాలు నిర్ణయించుకున్నారు. యాదయ్య అనే బ్రోకరు దొరికాడు. అంతా బాగానే ఉంది గానీ, ఇల్లు చూడటానికి పెద్దమనిషి ఒకరు ఉండాలి కదా అని సాయిశ్రీ తండ్రిని పిలిచింది.

మొదటి ఇల్లు: నీళ్లు తూర్పుకు పారాయి. కూసున్నది. రెండో ఇల్లు: పడమరకు పారాయి. కూసున్నది. మూడో ఇంట్లో నీళ్లు ఎటూ పోకుండా నిలబడ్డాయి. శశిధర్ ఊపిరి పీల్చుకునేలోపే సేటు లేచి నిలబడ్డాడు.

"ఇల్లు మొత్తం ఒక్కతీరుగ కూసున్నది."

నాలుగో ఇంట్లో నీళ్లు ఒక మూలకు జోరుగా పారేసరికి ఆయన ముఖం విప్పారింది. "చూసిండ్రా! ఎంత ఘోరంగ ఉరుకుతున్నయో!"

"సేటూ" అన్నాడు ఆ ఇంటాయన ఓపికగా. "ఇది తానాల గది. నీళ్లు పోవుటానికి మేమే వాటం పెట్టి కట్టినం."

సేటు ఆ ఒక్కసారి కొంచెం సిగ్గుపడ్డాడు. "వాటం మంచిగ పెట్టిర్రు" అని ఒప్పుకున్నాడు.

సేటు నీళ్లు పోశాడంటే ఆ కబురు టీ హోటళ్ల మీదుగా సాయంత్రానికల్లా బజారంతా పాకేది. మర్నాటికి ఆ ఇంటి ధర సగానికి పడిపోయేది. యాదయ్యకు నిద్ర పట్టలేదు. తర్వాతి ఇంటివాళ్లకు ముందే ఫోన్ చేసి, నీళ్ల చుక్క బయట కనబడకూడదని చెప్పాడు. వాళ్లు కొబ్బరిబోండం కొట్టి ఇచ్చారు. సేటు స్ట్రా తీసి పక్కన పెట్టి బోండం ఒంపాడు.

"గిది జర మెల్లగ పారుతది, చిక్కన కదా. కని దిక్కు మారదు."

ఆ తర్వాతి ఇంట్లో యాదయ్య పంతం పట్టాడు. "ఈసారి లడ్డు పెట్టిస్త సార్" అన్నాడు శశిధర్‌తో. "లడ్డు ఎట్ల పోస్తడో నేనూ చూస్త."

సేటు లడ్డును కాసేపు అరచేతిలో తిప్పి చూశాడు. అది బాగా గుండ్రంగా ఉంది. మెల్లగా వంగి నేల మీద వదిలాడు. లడ్డు దొర్లుకుంటూ వెళ్లి ఈశాన్యం మూలలో ఆగింది. యాదయ్య గోడకు చేరగిలబడి తల పట్టుకున్నాడు. ఇంటి కుక్క వచ్చి లడ్డు తిని, ఆ మూలనే పడుకుంది.

ఇలా కొండాపూర్ కిరాయి మరోసారి పెరిగేదాకా వచ్చింది వ్యవహారం. అప్పుడు దొరికింది గోపమ్మ ఇల్లు.

ముందర అరుగు, లోపల చల్లటి తాండూరు బండలు, వెనక జామచెట్టు. సాయిశ్రీ లోపలికి అడుగుపెట్టి ఎదురుగా ఉన్న గోడను చేత్తో నిమిరింది. అది చూడగానే శశిధర్‌కు తెలిసిపోయింది, ఈ ఇల్లు తప్పిపోతే ఆమె ఇంక ఏ ఇల్లూ చూడదని. గోపమ్మ ఒంటరి మనిషి. షాబాద్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లి బస్టాండు పక్కన టిఫిన్ల హోటల్ పెట్టాలని ఆమె ఆశ. ఆమెకున్నదల్లా ఈ ఇల్లే. దీనికి సరైన ధర వస్తేనే హోటలు, లేకపోతే లేదు.

పరమేశ్వర్ సేటు గుమ్మంలో ఆగి తలుపు పైఅంచు తడిమాడు. దాన్ని ఎవరో కొత్తగా చిత్రిక పట్టారు. తర్వాత వెనక గదిలోకి తొంగిచూశాడు. మూడు గోడలు పాతబడి ఉన్నాయి, ఒక గోడకు మాత్రం కొత్తగా సున్నం వేశారు. ఆ గోడకే పైకప్పును తాకేంత పెద్ద బీరువా ఆనించి ఉంది. కిటికీ పక్కన, ఎవరూ బీరువా పెట్టని చోట. ఆయన తిరిగి ముందు గదిలోకి వచ్చాడు.

గోపమ్మ నీళ్లు తెచ్చింది. యాదయ్య కళ్లు మూసుకున్నాడు. శశిధర్ సాయిశ్రీ వైపు చూశాడు, సాయిశ్రీ తండ్రి వైపు చూసింది. సేటు గ్లాసు పట్టుకుని గది మధ్యకు వెళ్లి నిలబడ్డాడు.

"ఇల్లు అమ్మి ఏం జేస్తవు గోపమ్మా?"

"షాబాద్‌ల హోటల్ పెడ్త సేటూ. నా దోసెలు తిన్నోళ్లు మళ్ల అడుగుతరు."

"ఇడ్లీ పాత్ర ఉన్నదా?"

"యాడిది? గీ ఇల్లు అమ్ముడుపోతెనే కదా కొనేది."

సేటు గ్లాసు ఎత్తాడు. ఎత్తి, గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, "తియ్యగున్నయి" అన్నాడు.

యాదయ్య కళ్లు తెరిచి, ఖాళీ గ్లాసును చూసి, నేలను చూసి, నేల పొడిగా ఉండటం చూసి సేటు కాళ్ల మీద పడబోయాడు. పరమేశ్వర్ సేటు నీళ్లు తాగిన ఇల్లు! గోపమ్మ చెప్పిన ధరకు ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చారు. శశిధర్‌కు మామగారి మీద జీవితంలో మొదటిసారి ప్రేమ పుట్టింది.

ఆ ప్రేమ మరుసటి ఆదివారం దాకా నిలిచింది.

ఆదివారం సాయిశ్రీకి ఆఫీసులో పని పడింది. శశిధర్ ఒక్కడే టేపు పట్టుకుని గోడలు కొలుచుకుందామని వచ్చాడు. వెనక గదిలో పుస్తకాల అల్మరా ఎంత పొడవు పడుతుందో చూద్దామని బీరువాను అతి కష్టం మీద పక్కకు జరిపాడు. జరిపినవాడు అక్కడే నిలబడిపోయాడు.

కిటికీ మూల నుంచి పైకప్పు దాకా గోడ ఏటవాలుగా పగిలి ఉంది. కింద సన్నంగా మొదలై పైకి పోయేకొద్దీ వెడల్పయి, చివర బొటనవేలు దూరేంత ఉంది. సగం ఇల్లు మిగతా సగంతో విడిపోయి వేరుకాపురం పెట్టినట్టుంది. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఆ పగులుకు అడ్డంగా, దెబ్బకు పట్టీలు వేసినట్టు, పైనుంచి కిందిదాకా స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. శశిధర్ దగ్గరికి వెళ్లి చదివాడు. "పరమేశ్వర్ స్టీల్ ప్యాలెస్, చేవెళ్ల. పెళ్లి సామాన్ల మీద ప్రత్యేక తగ్గింపు."

అతనికి ఒళ్లు మండిపోయింది. అంటే ఆయనకు తెలుసు! ఊళ్లో ఇళ్లన్నింటికీ వంకలు పెట్టిన మనిషి, సొంత కూతురి ఇంటి దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాడు. చేవెళ్లకు వెళ్లి కడిగేద్దామని బయల్దేరబోతుంటే, గోడ అవతల గడ్డపార చప్పుడు వినిపించింది. వెనక్కి వెళ్లి చూశాడు. ఇంటి మూలను ఆనుకుని పెద్ద గుంత. గుంతలో మేస్త్రి జంగయ్య. అతని పక్కనే నడుములోతు మట్టిలో, పంచె ఎగ్గట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, సాక్షాత్తూ మామగారు.

"వచ్చిండ్రా అల్లుడు గారూ" అన్నాడు సేటు కిందినుంచి, దుకాణంలో గల్లా ముందు కూర్చుని పలకరించినంత మామూలుగా. "బీరువా జరిపిండ్రా?"

"జరిపిన!"

"స్టిక్కర్లు చూసిండ్రా? ఒక్కటన్న చిరిగిందా?"

"చిరగలే. కని మామయ్యా..."

"చిరగలేదంటే పగులు కదులుత లేదు. పోయిన నెల కాగితాలు పెడితే మూడొద్దులకే చిరిగినయి. మోరీ నీళ్లు అవతలికి మళ్లించినంక ఆగింది." సేటు గోడను ఆప్యాయంగా తట్టాడు. "గోపమ్మ గిన్నెలు తోమిన నీళ్లు ఏండ్ల సంది గీ మూలల్నే పడ్డయి. రేగడి తాగింది, ఉబ్బింది, ఎండింది, మూలను కిందికి గుంజింది. మిగిలిన మూడు మూలలు నేను తవ్వించి చూసిన. గట్టిగున్నయి. గిది ఒక్కటి కింద రాయి పేర్చి, కాంక్రీటు పోస్తే నిలబడ్తది."

"పోయిన నెలనా? అంటే మాకు చూపియ్యకముందే తెల్సా మీకు?"

"పోయిన నెల గోపమ్మ నా దుకాణానికి ఇడ్లీ పాత్ర ధర అడుగుటానికి వచ్చింది. ఇల్లు అమ్మినంక కొంట అన్నది. సరే, ఇల్లు ఎట్లున్నదో చూద్దామని వచ్చిన."

శశిధర్ గుంత అంచుకు వచ్చి నిలదీశాడు. "మరి ఆ రోజు నీళ్లు ఎందుకు పొయ్యలే? ఎందుకు తాగిండ్రు?"

"పక్కన యాదయ్య ఉండె కదా!" సేటుకు అల్లుడి తెలివితక్కువ మీద జాలి కలిగినట్టుంది. "నేను పోస్తె బజారంత తెలుస్తది. సగం ధరకు గుంజుకుంటరు. ఆమె హోటల్ ఏమైతది?"

జంగయ్య నవ్వాడు. "నాకైతే సేటు తాగిన ఇండ్లల్లనే పని దొరుకుతది సార్. పోసిన ఇండ్లకు నన్ను పిలువడు. సుక్కమ్మ ఇంట్ల తాగిండు, ఆమె గోడ నేనే లేపిన. యోసేపు ఇంట్ల తాగిండు, బాల్‌రాజ్ ఇంట్ల తాగిండు. వాళ్లు ఇల్లు ఇడిసి యాడికి పోతరు? నా కూలి సేటే ఇస్తడు. అడిగితె దుకాణం పని అంటడు."

"నువ్వు రాయి అందియ్యి" అని కసిరాడు సేటు.

"మరి ఇన్నేండ్లల్ల మీరు నీళ్లు తాగిండ్రని నాకు ఎవ్వలూ చెప్పలే?" అన్నాడు శశిధర్.

"నీళ్లు పారబోసినోని ముచ్చట చెప్తరు గని, తాగినోని ముచ్చట ఎవడు చెప్తడు?"

శశిధర్ ఇంకా కోపంగానే ఉన్నాడు. "తాండూరుల మా ఇంట్ల పోసిండ్రు."

"మీ నాయినకేం తక్కువ? చెప్తె చేయించుకుంటడు. అందుకే చెప్పిన."

ఈ గోల విని గోపమ్మ బయటికొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది. "సారూ, నేను నీతోని చెప్త అంటె సేటే వద్దన్నడు. కొనేది మావోళ్లే, చూసేది నేనే, నువ్వు ఊకో అన్నడు. నీకు మోసం జేసి తిన్న సొమ్ము నాకొద్దు. నువ్వు ధర తగ్గించుకో."

శశిధర్ నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మనసులో ధర తగ్గించేసుకున్నాడు కూడా. అతను చదువుకున్నవాడు, లెక్కలు చకచకా వస్తాయి. అయినా సొంతంగా నిర్ణయం తీసుకునే అలవాటు లేదు గనక జామచెట్టు కిందికి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. పగులు ఎంత వెడల్పుందో, స్టిక్కర్లు ఎన్నున్నాయో, ఆమె తండ్రి ఎంత పని చేశాడో ఆగకుండా చెప్పాడు. అవతల సాయిశ్రీ ఊ కొడుతూ వింది.

"మీ నాయిన తాగిండంటే ఆ ఇంట్ల మూల కూసున్నదన్నట్టట, తెల్సా నీకు?"

"తెల్సు. చిన్నప్పటిసంది తెల్సు. ఆయన గ్లాసు ఎత్తంగనే నేను బీరువా దిక్కు చూసిన."

శశిధర్ ఫోన్‌ను చెవి నుంచి తీసి దాని వంక ఒకసారి చూసి, మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"మరి నాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తె కొంటుంటివా?"

అతను గోడను చూశాడు, గుంతను చూశాడు. ధర కోసం కాదు, కోపం కోసం కూడా కాదు, నిజంగానే ఆలోచించాడు. గుమ్మంలో గోపమ్మ తీర్పు కోసం చూస్తోంది.

"కొనకపోతుంటి" అన్నాడు.

"అందుకే చెప్పలే" అంది సాయిశ్రీ. ఆమె గొంతులో నవ్వు దాగలేదు. "సరే గని, నాయిన ఇంక గుంతల్నే ఉన్నడా? ఆయనకు మోకాళ్లు నొస్తయి, దిగుతడు గని ఎక్కరాదు. సుక్కమ్మ ఇంటికాడ తాడు కట్టి గుంజిండ్రట. అమ్మకు చెప్పొద్దన్నడు. నువ్వు జర దగ్గరుండి లేపు."

శశిధర్ ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగి వచ్చాడు. ముందు గోపమ్మతో మాట్లాడాడు.

"ధర గంతే గోపమ్మా. రిజిస్ట్రేషన్ సోమవారమే. పొద్దుగాల్నే తయారుగుండు."

"దోసెలు పోస్త, తిని పోండ్రి" అని గోపమ్మ గబగబా లోపలికి వెళ్లిపోయింది.

గుంతలో సేటు ఏమీ విననట్టు జంగయ్యతో రాళ్ల గురించి గొడవపడుతున్నాడు. కానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. శశిధర్ బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గుంత అంచున కూర్చుని రెండు చేతులూ కిందికి చాచాడు.

"లేవుండ్రి మామయ్యా. అన్నీ తెలిసినయి. మోకాళ్ల సంగతి గూడ."

సేటు దొంగలా దొరికిపోయి చేతులు అందించాడు. జంగయ్య వెనకనుంచి తోశాడు, శశిధర్ పైనుంచి లాగాడు. మనిషి బరువుకు అదుపు తప్పి శశిధర్ గోడ మీదికి తూలాడు. సగం పైకి, సగం కిందికి వేలాడుతూనే సేటు గుండెలదిరేలా అరిచాడు.

"గోడకు ఆనకుండ్రి అల్లుడు గారూ! నన్ను ఇడిసిపెట్టుండ్రి, నేను పడ్తె మళ్ల లేస్త. గోడ కింద ఇంక రాయి పడలే!"